మగ్గం గుంట

మగ్గం అమ్మినంక మిగిలిన గుంట
మోకాలు లోతు. పూడ్వొద్దన్నడు నాయిన.
పూడ్వలే. పాత బొంతలు, చిక్కువడ్డ నూలు కుక్కి
మీద చెక్క పరిచిన.
ఇప్పుడు గదిల చప్పట్లు గొడితే
చప్పట్లే వినవడ్తయి, గోడలు మారువల్కవు.

ఇగ మిక్సర్ కావాలె.

కోఠిల యూసుఫుద్దీన్ భాయ్ చూపెట్టిండు:
ఇరవై నాలుగు చానళ్లది, సెకండ్ హ్యాండు,
ఎవలిదో క్యాసెట్ల కంపెనీ మూతవడితే వచ్చిందట.
మంచమంత వెడల్పు.
వరుసలు వరుసలు గుండీలు, ఫేడర్లు.
పన్నె మీదికి పోయినట్టే పోయింది నా చెయ్యి,
తెగిన పోగు యాడుందో దేవులాడుకుంట.

నా కాడ మైకులు మూడు.
అండ్ల ఒకటి బోనాల సెట్టుది, జాలీ సొట్టవోయింది.

"చండూర్ల ఇరవై నాలుగు ఎవలు వాడ్తరు భాయ్?"
"పెద్దగ కనవడ్తది గదా, గిరాకీ వస్తది."
అబద్ధమైతే గాదు.
పెండ్లి పాట చేయించుకునేటోళ్లు
పాట కన్న ముందు గుండీలు లెక్కవెడ్తరు.

పక్కన ఇంకో డబ్బ. ఇటుకంత.
రెండే ప్రీయాంపులు. ధర మాత్రం అదే.
రెండు బొక్కలకు గన్ని పైసలా, అన్న.
ఆయన నవ్వి హెడ్‌ఫోన్ నాకు తొడిగిండు.
మైకు ముందట ఏం మాట్లాడలే,
గెయిన్ ఆఖరిదాంక తిప్పిండు, గంతే.

పెద్దదాంట్ల, రేకుల మీద ఇసుక జల్లినట్టు
ఆగకుంట సుయ్యిమని.
చిన్నదాంట్ల, గోడ గడియారం.
ఎనకాల చాయ్ పిలగాడు గ్లాసు దించుడు.
భాయ్ ముక్కుతోని తీసిన ఊపిరి.

ఇంటికొచ్చి మూడు రాత్రులు లెక్కలు.
నాలుగో రాత్రి భాగ్య నోట్‌బుక్కు గుంజుకున్నది:
"ఎవలి కోసం కొంటున్నవో ముందు చెప్పు,
ఏది కొనాల్నో నేను చెప్త."

పెండ్లోళ్ల కోసం అందామనుకున్న.
నోట్లెకెళ్లి సైదమ్మ పేరొచ్చింది.

మర్రిగూడ దిక్కు మనిషి.
బోరు నీళ్లకు నడుము వంగింది, మెడ తిరగది.
నాటు పాటలు నూటిరవై ఒస్తయంటరు,
ఎవలు లెక్కవెట్టిన్రో.
గొంతు సన్నవడ్డది, పక్కన కూసున్నా
సగం పెదవులల్లనే ఇగిరిపోతది.
నిరుడు ఫోన్ల పట్టిన:
ఫ్యాను ముప్పావు, సైదమ్మ పావు.
ఆమెను లేపుదామని గుండీ తిప్పితే
ఆమెతోని ఇసుక లేవొద్దు. అంతే నా లెక్క.

ఇటుకనే తెచ్చిన, బస్సుల ఒళ్లె పెట్టుకొని.
పదకొండు కిస్తులు.

ఆటో దిగొచ్చిందామె. స్టాండు దించిన,
ఇంకా దించిన. అయినా మైకు ఆమె నెత్తికాడనే.
ఆమె మొకం నేల దిక్కే చూస్తది గదా.
నాయిన గడప కాడికెళ్లి చూసిచూసి
చెక్క లేపిండు.
గుంటల మైకు పెట్టినం, మీదికి చూసేటట్టు.
సైదమ్మ అంచు మీద కూసోని
కాళ్లు లోపలికి ఏలాడేసింది,
నాయిన నలభై ఏండ్లు కూసున్న తీరుగనే.

అప్పుడు గుంయ్ మన్నది.
వైరు మార్చిన. ఫ్రిజ్ బంజేసిన. ట్యూబులైటు, ఇన్వర్టరు.
పోదు.
నాయిన ఎనకకు పోయి, మీటరు కింద
ఎండిపోయిన ఎర్తు గుంటల
ఉప్పు దోసెడు ఏసి
బకెటెడు నీళ్లు పోసిండు.
చెవుల ముల్లు తీసినట్టాయె.

రికార్డు నొక్కిన.
గాజు చెక్కకు తాకింది. నాలిక పెదవి తడిపింది.
ఒక ఊపిరి. ఇగ పాట అనుకున్న.

"బిడ్డా, తాగ నీళ్లున్నయా?
బోరువి గావు గదా?"

మొదటి ఫైలు గదే.
పేరేం పెట్టాల్నో తెల్వక
తారీకు ఏసి ఊకున్న.